స్టిక్కర్లో ఎవరున్నరు?

ఓ తమ్మీ! అటూ ఇటూ చూస్తావేం, నిన్నే. జిరాక్స్ దుకాణం తలుపు ముందు ఫోను పైకెత్తి, గోడకు సలాం కొడుతున్నట్టు నిలబడ్డావే, నిన్నే పిలుస్తున్నది. నల్లచుక్కల డబ్బా ఎక్కడ కనబడితే అక్కడ ఫోను తీయడమేనా? అది ఏమిటో, ఎవరు అతికించారో చూసేది లేదా? రేపు ఎవడైనా నీ వీపు మీద ఒకటి అతికిస్తే, అద్దంలో చూసుకుని నీ వీపుకు నువ్వే పైసలు కొట్టుకునేట్టున్నావు. ఆగు, ఇంకా నొక్కకు. ముందు రెండు చాయ్ చెప్పు. ఆ స్టిక్కర్ కత విను. విన్నాక నొక్కుదువు గాని.

ఈ దుకాణం రాజనర్సయ్యది. అమీర్‌పేటలో మెట్రో మెట్లు దిగి, ఎస్.ఆర్. నగర్ వైపు నడుస్తుంటే కోచింగ్ బోర్డుల మధ్య ఆకాశం చీలికలు చీలికలుగా కనబడుతుంది కదా, ఆ చీలికల్లో ఒకదాని కిందే ఉంటుంది. జిరాక్స్, లామినేషన్, స్టిక్కర్లు. పైన అబ్బాయిల హాస్టల్. ఎదురుగా సర్కారు ప్రైమరీ బడి.

రాజనర్సయ్య చదివింది కూడా ఆ బడిలోనే. నాలుగో తరగతిలో ఉండగా జ్వరమని సెలవు పెట్టి ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. ఆ జ్వరం ఇంకా తగ్గలేదు.

మనిషి మంచివాడే. చెయ్యే ఊరుకోదు. ఒకసారి పక్కనున్న మంగలి దుకాణం తలుపుకు 'ఈరోజు ఉచిత డెమో' అని కాగితం అతికించి వచ్చాడు. ఊరి నుంచి కొత్తగా దిగిన కుర్రాళ్ళు నోటుపుస్తకాలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. మంగలి వాళ్ళను గిరాకీ అనుకున్నాడు. వాళ్ళు అతణ్ణి సారు అనుకున్నారు. మొదటివాడికి సగం తల అయ్యేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. రెండోవాడు మాత్రం అంతా రాసుకున్నాడట.

ఎదురు బడి హెడ్మాస్టర్ హనుమత్ప్రసాద్ గారినీ వదల్లేదు. ఆయన తెనాలి వైపు మనిషి. ఇస్త్రీ మడత నలగని మనిషి. పంద్రాగస్టుకు తన ఫోటో లామినేషన్‌కు ఇస్తే, రాజనర్సయ్య దాన్ని దుకాణం అద్దానికి అతికించి, కింద ఇలా రాశాడు: 'వీరు మధ్యాహ్నం భోజనం తర్వాత కనబడుట లేదు. కనబడినచో బడికి తెలుపగలరు.' అన్నం తిన్నాక సారు స్టాఫ్ రూంలో కుర్చీకి తల ఆనించి కళ్ళు మూసుకుంటాడని గల్లీ అంతటికీ తెలుసు. ఆయన ఒక్కడికే తెలియదు. 'ఆలోచిస్తూంటానండీ' అంటాడు.

ఇక ఆ బడిలో మూడో తరగతి టీచర్ కుల్సుం. మాసబ్ ట్యాంక్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఆమె తరగతిలో కిటికీ ఎదురుగా ఉన్న గోడ చూడాలి తమ్మీ, గోడంటే అది. పిల్లలంతా కలిసి దాని మీద తమ గల్లీనే కట్టుకున్నారు. చెప్పుల డబ్బాలతో మెట్రో పిల్లర్లు. పగిలిన గాజుముక్కలతో బల్కంపేట ఎల్లమ్మ గుడి. చీరల షాపు అట్ట వంచి పంజాగుట్ట ఫ్లైఓవర్, దాని మీద అగ్గిపెట్టెల కార్లు, ఎప్పుడూ జామ్. కోచింగ్ బోర్డులు కూడా ఉన్నాయి: 'మూడో ఎక్కం, మూడు రోజుల్లో, గ్యారంటీ', 'గుణింతాలు వచ్చిన తర్వాతే ఫీజు'. అన్నిటికీ పైన తెలుగులో, ఉర్దూలో 'మా గల్లీ' అని పేరు.

ఆ గోడకే గండం వచ్చింది. ఎవరో దాతలు బడికి ఎనిమిది ట్యాబ్‌లు ఇచ్చారు. పిల్లలతో వాటిని ఎలా వాడిస్తున్నారో చూడటానికి పై ఆఫీసు నుంచి శనివారం సుష్మిత మేడం వస్తోంది. హనుమత్ప్రసాద్ గారికి కాళ్ళు నిలవలేదు.

"ఏంటండీ కుల్సుం గారూ, ట్యాబులొచ్చాక కూడా గోడ మీద ఈ అట్టముక్కలేంటి, ఈ జిగురేంటి? తెల్లగా సున్నం వేయిస్తే తరగతి డిజిటల్‌గా ఉంటుంది కదా!"

"సార్, పిల్లలు చేసిన్రు సార్."

"పిల్లలు చేస్తారు. మేడం చూస్తారు. పెయింటర్‌తో మాట్లాడేశానండీ."

కుల్సుం ఒక మాట చెప్పింది. గోడ మీది ప్రతి బొమ్మ కింద ఒక కోడ్ స్టిక్కర్ పెడదాం. బొమ్మ చేసిన పిల్లో పిల్లగాడో ట్యాబ్‌లో తమ గొంతు రికార్డు చేస్తారు. ట్యాబ్ చూపిస్తే బొమ్మ మాట్లాడుతుంది.

సారు మెత్తబడ్డాడు. "సరే, శనివారం మేడం బాగుందంటే గోడ ఉంటుంది. ఏమాత్రం తేడా వచ్చినా సోమవారం సున్నం. అన్నట్టు, అందరికంటే పైన నా ఫోటో పెట్టి, నా సందేశం కూడా పెట్టండి. మొదట అదే వినిపిద్దాం."

రాజనర్సయ్య మనవరాలు చంద్రిక చదివేది ఆ మూడో తరగతే. ఆ సాయంత్రం దుకాణంలోకి పరుగెత్తుకొచ్చింది.

"తాతా, మా గోడకు సున్నం ఏస్తరట!"

"మంచిదే. నీ నోటికి సుత ఏపియ్యమని చెప్తా. జర సేపు మూస్కుంటది."

"గది కాదు తాతా, శనివారం మేడం వచ్చి..."

"మేడం మూతికి సుత ఏస్తరా? మస్తు సున్నం కావాలె గట్లయితే."

చంద్రిక మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. చెప్పిన మాట వినకపోవడం రాజనర్సయ్యకు నాలుగో తరగతి నుంచే ఉన్న అలవాటు.

మర్నాడు కుల్సుం టీచర్ కోడ్‌లు, ఒక ట్యాబ్ పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"చాచా, గీ కోడ్లు స్టిక్కర్ల మీద కొట్టియ్యాలె. కొట్టినంక ట్యాబ్ పెట్టి, మాట వస్తుందా లేదా చూడుండ్రి. చంద్రికకు తెలుసు ఎట్ల చూడాల్నో."

"నీకు ఫికర్ ఎందుకు టీచరమ్మా, నా పని చూడలేదా?"

"పని చూసినా. మజాక్ సుత చూసినా. సార్ ఇది పంజాగుట్టల దుకాణంల ఇయ్యమన్నడు. నేనే లేదు, చాచా చేస్తడని జబాన్ ఇచ్చిన. ఈసారి మజాక్ వద్దు."

"ఎల్లమ్మ తోడు. మజాక్ అంటే ఏందో నాకు తెల్వదు."

కుల్సుం నవ్వకుండా ఉండడానికి గట్టిగా ప్రయత్నించి, ట్యాబ్ బల్ల మీద పెట్టి వెళ్ళింది.

సాయంత్రం స్టిక్కర్లు తయారయ్యాయి. తాత, మనవరాలు ఒక్కొక్కదాని మీద ట్యాబ్ పెడుతూ వినసాగారు. మెట్రో పిల్లర్ చంద్రికదే. "నేను మెట్రో పిల్లర్ను. పొద్దుగాల నుంచి పొద్దుమూకేదాక ఈడనే నిలబడ్డ. ఒక్క పని చెయ్య. గని నేను లేకుంటే అంత కూలిపోతదని అందరు అంటరు. నా మీద పోస్టర్లు అతికిస్తరు. కుక్కలు సుత వస్తయి." రాజనర్సయ్య పకపకా నవ్వాడు. ఫ్లైఓవర్ మాట్లాడింది. గుడి మాట్లాడింది. ఒక్క స్టిక్కర్ మాత్రం కిక్కురుమనలేదు.

"ఇది ఎవలది? మూగదా?"

"అంబ్రీన్‌ది. అది బడిల మాట్లాడది తాతా. ఇంట్ల మాట్లాడుతదట. టీచర్ మస్తు అడిగింది, అయినా రికార్డు చెయ్యలె."

రాజనర్సయ్యకు అంబ్రీన్ తెలుసు. రోజూ దుకాణం ముందు నుంచే తలవంచుకుని పోతుంది. ఆయన రోజూ "ఏం మౌనమునీ, తపస్సు ఎంత దాక వచ్చింది?" అని పిలుస్తాడు. ఆ పిల్ల కళ్ళెత్తి ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోతుంది. గల్లీలో ఆయన మాటకు నవ్వనిదీ, కోపం తెచ్చుకోనిదీ ఆ ఒక్కతే. లోపల ఎక్కడో అది ఆయనకు ముల్లులా గుచ్చుతూనే ఉండేది.

తర్వాత హెడ్మాస్టర్ సందేశం. "ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా, డిజిటల్ యుగంలో..." అని మొదలై, సగం చాయ్ తాగినా యుగం గడవలేదు. రాజనర్సయ్య అరచేతులు దురద పెట్టాయి.

"చంద్రికా, దీని మీద మల్ల రికార్డు చెయ్యాలంటే యాడ నొక్కాలె?"

"ఎందుకు తాతా?"

"ఊకెనే. నేర్చుకుంటే తప్పా? చదువుకోమని మీరే అంటరు గదా."

చంద్రిక ఎర్ర చుక్క చూపించింది. రాజనర్సయ్య గొంతు సవరించుకుని, ముక్కుతో తెనాలి తీశాడు. "బాబూ, నేనండీ హనుమత్ప్రసాద్‌ని. భోజనం తర్వాత నన్ను లేపకండి. నేను పడుకోనండీ. కళ్ళు మూసుకుని డిజిటల్‌గా ఆలోచిస్తూంటానండీ." ఆ తర్వాత గురక. మామూలు గురక కాదు. మొదట రైలు పట్టాలెక్కింది, తర్వాత బ్రిడ్జి దాటింది, చివర్న కూత పెట్టి ఆగింది. స్టిక్కర్ మీద ట్యాబ్ పెడితే చక్కగా అదే వచ్చింది.

"తాతా, టీచర్ తిడ్తది."

"నువ్వు చెప్తేనే గదా తిట్టేది. నువ్వు చెప్తవా?"

చంద్రిక పెద్ద పెద్ద కళ్ళతో ఆయన్నే చూస్తూ, తల అడ్డంగా ఊపింది. అంత అమాయకమైన ముఖం చూసి ఆయనకు ముచ్చటేసింది.

శుక్రవారం పొద్దున్నే స్టిక్కర్లు తీసుకుని ఆయనే స్వయంగా బడికి వెళ్ళాడు. సారు ఫోటో కిందిది తానే అతికించి, తుడిచి, బొటనవేలితో ఒకసారి అదిమి కూడా చూశాడు. అప్పుడే గోడ మూలన ఒక బొమ్మ కనబడింది. అది తన దుకాణమే. అట్టతో తలుపు, వెండికాగితంతో అద్దం, లోపల ఒక ముసలాయన. మీసం మాత్రం దుకాణం కంటే వెడల్పు.

"ఇది ఎవరేసిన్రు టీచరమ్మా?"

"అంబ్రీన్. మీ దుకాణమే ఏస్తా అని కాగితం మీద రాసిచ్చింది." కుల్సుం గొంతు అలసిపోయి ఉంది. "అందరి మాటలు అయినయి చాచా, దానిదొక్కటే లేదు. రేపు ఏమైతదో. మేడం మొదలు సార్ ఫోటోకే ట్యాబ్ పెడ్తది. ఆ తర్వాత అన్ని. మంచిగయితే గోడ ఉంటది. జర ఏమన్న అయిందనుకో, సోమవారం సున్నం."

రాజనర్సయ్య నవ్వు సగంలో ఆగిపోయింది. "సున్నమా? గీ గోడకా?"

"చంద్రిక చెప్పలేదా?"

చెప్పింది. చెప్పిందని ఇప్పుడు గుర్తొచ్చింది. పక్కనే చంద్రిక జిగురు డబ్బా పట్టుకుని, సారు ఫోటో వంక ఒకసారి, తాత వంక ఒకసారి చూసింది. ఆయన చెమట తుడుచుకున్నాడు. కుల్సుంతో చెప్పేద్దామని నోరు తెరిచాడు. 'చాచా చేస్తడని జబాన్ ఇచ్చిన' అన్న మాట అడ్డం పడింది.

దుకాణానికి వచ్చి కూర్చున్నా కుదురు లేదు. ఒకడు ఆధార్ జిరాక్స్ అడిగితే అట్ట ఇచ్చాడు. ఆయన లెక్క ఒక్కటే. గురక స్టిక్కర్లో ఉంది. కాబట్టి ఆ స్టిక్కర్ కనబడకుండా పోవాలి. ఎక్కువ కొట్టిన వాటిల్లో ఒకటి మిగిలింది, మెట్రో పిల్లర్‌ది. దాన్ని సారు స్టిక్కర్ మీద అతికిస్తే గురక బదులు చంద్రిక మాటలు వస్తాయి. పిల్ల గొంతే కదా, పొరపాటున తారుమారైందంటే సరిపోతుంది.

భోజనం గంట కొట్టగానే పిల్లలంతా వరండాలో అన్నం ముందు కూర్చున్నారు. గుడ్డు పెట్టే రోజు. సారు స్టాఫ్ రూంలో ఆలోచించడం మొదలుపెట్టాడు. రాజనర్సయ్య పిల్లిలా తరగతిలోకి దూరాడు. లోపల ఎవరూ లేరు. మూల టేబుల్ కింద చిన్న చెప్పుల జత ఒకటి కనబడింది. పిల్లల చెప్పులు ఎక్కడ పడితే అక్కడే కదా ఉంటాయని ఆయన పట్టించుకోలేదు.

ఒంటరిగా ఉంటే ఆయనకు నోరు ఆగదు. సారు ఫోటోతోనే మొదలుపెట్టాడు. సారుతో మాట్లాడాడు, ఎల్లమ్మతో మాట్లాడాడు, గోడతో కూడా మాట్లాడాడు. మాట్లాడుతూనే కొత్త స్టిక్కర్ అతికించి, బొటనవేలితో నాలుగు మూలలూ రుద్ది, వచ్చినంత మెల్లగా బయటపడ్డాడు. వరండాలో గుడ్డు తింటున్న చంద్రిక ఆయన్ను చూసి చెయ్యి ఊపింది.

శనివారం వచ్చింది. తాను చేసిన స్టిక్కర్లు మేడంకు చూపించాలన్న సాకుతో రాజనర్సయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. సుష్మిత మేడం ముఖంలో నవ్వు లేదు. పొద్దున్నుంచి ఇది మూడో బడి కాబోలు, చేతి రుమాలుతో విసురుకుంటోంది. సారు మాత్రం పెళ్ళికొడుకులా ఉన్నాడు.

"మొదట నా సందేశం విందురుగాని మేడం."

మేడం సారు ఫోటోకు ట్యాబ్ చూపింది. ట్యాబ్ టక్కుమంది. ఇస్త్రీ చొక్కాలో గంభీరంగా చూస్తున్న హనుమత్ప్రసాద్ గారి ఫోటో చిన్నపిల్ల గొంతుతో మొదలుపెట్టింది.

"నేను మెట్రో పిల్లర్ను. పొద్దుగాల నుంచి పొద్దుమూకేదాక ఈడనే నిలబడ్డ. ఒక్క పని చెయ్య. గని నేను లేకుంటే అంత కూలిపోతదని అందరు అంటరు..."

పిల్లలు రెండు చేతులతో నోళ్ళు మూసుకున్నారు.

"...నా మీద పోస్టర్లు అతికిస్తరు. కుక్కలు సుత వస్తయి."

"ఏంటండీ ఇది!" సారు ముఖం జేగురు రంగుకు తిరిగింది. "కుల్సుం గారూ! నేనేం చెప్పాను, ఏమాత్రం తేడా వచ్చినా... చెప్పానా లేదా?"

కుల్సుం ముఖం పాలిపోయింది. నిన్న పొద్దున ఆమె స్వయంగా విన్నప్పుడు సారు సందేశమే వచ్చింది. "సార్, నిన్న మంచిగనే ఉండె సార్..."

తలుపు దగ్గర నిలబడ్డ రాజనర్సయ్య లెక్క తప్పింది. గురక వస్తే మాట తాను పడేవాడు, పిల్లర్ వస్తే టీచరమ్మ పడాల్సి వచ్చింది. ఇక చెప్పేయాలని ఒక అడుగు ముందుకు వేశాడు. ఈలోగా మేడం మిగిలిన బొమ్మలు చూస్తూ, మూలనున్న దుకాణం దగ్గర ఆగింది.

"ఈ మీసాలాయన ఎవరు?" అంటూ ట్యాబ్ పెట్టింది.

"మేడం, అది ఖాళీ మేడం, ఆ పాప ఇంకా..." అని కుల్సుం అంటుండగానే ట్యాబ్ టక్కుమంది. ఎవరూ ఎన్నడూ వినని గొంతు ఒకటి, సన్నగా, కానీ తడబడకుండా వచ్చింది.

"నా పేరు అంబ్రీన్. నేను రాజనర్సయ్య తాత దుకాణాన్ని. మా తాత అందరితోని మజాక్ చేస్తడు. ఇప్పుడు ఆయననే మాట్లాడుతడు. గప్‌చుప్‌గ వినుండ్రి."

కుల్సుం చెయ్యి నోటి మీదికి వెళ్ళిపోయింది. కళ్ళు నిండాయి. కానీ ఏడవడానికి తీరిక దొరకలేదు. వెనకే రాజనర్సయ్య గొంతు వచ్చింది.

"సారూ, కోపం చెయ్యకు. నీ గురక మంచిగనే తీసిన, రైలు సుత బ్రిడ్జి దాటింది. గని మేడం ముంగట వద్దు గది. ఇగో, నీ స్టిక్కర్ మీద పిల్లర్ స్టిక్కర్ ఏస్తున్న. గురక కంటే పిల్లర్ నయం గదా? ఎల్లమ్మ తల్లీ, గీ ఒక్కసారి గండం దాటియ్యి. వచ్చే ఆషాఢంల నేనే బోనమెత్తుకొని వస్త. ఆడోళ్ళు గదా ఎత్తేది అంటవా? చీర కట్టుకొనన్న వస్త. మల్ల మజాక్ చెయ్య. చెయ్యనంటే... పెద్దయి చెయ్య. చిన్నయి లేకుంటే నాకు అన్నం అరగది తల్లీ. టీచరమ్మ నా మీద జబాన్ ఇచ్చింది. ఆమె మాట పోవద్దు, గీ గోడ పోవద్దు. నేను గీ బడిల చదివిననాడు గోడ మీద గడియారం సుత లేకుండె. గిట్లాంటి గోడ ఉంటే నాకు ఆ జొరం వస్తుండెనా..."

రికార్డు అక్కడ ఆగింది. తరగతి అంతా తలుపు వైపు తిరిగింది. రాజనర్సయ్య తలుపులో కలిసిపోవడానికి ప్రయత్నించాడు కానీ, తలుపు సన్నది.

"గురకేంటి? నాకు గురకేంటండీ?" అన్నాడు సారు దిక్కులు చూస్తూ.

"వస్తది సార్!" అంది తరగతి ఒక్క గొంతుతో.

మొదట నవ్వింది సుష్మిత మేడమే. రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత పిల్లలు, తర్వాత కుల్సుం. చివరికి సారు కూడా, ఇస్త్రీ మడత నలిగేలా.

"ఈ పాప ఎప్పటి నుంచి మాట్లాడుతుంది?" అని అడిగింది మేడం కళ్ళు తుడుచుకుంటూ.

"ఇప్పటి నుంచే మేడం," అంది కుల్సుం. "మంది ముంగట భయమయితే అందరు అన్నానికి పోయినప్పుడు ఒక్కదానివే కూసోని చెప్పమని ట్యాబ్ ఇచ్చిన. చెప్పిందో లేదో నాకే తెల్వదు."

టేబుల్ కింది చెప్పుల జత రాజనర్సయ్యకు ఇప్పుడు గుర్తొచ్చింది. అక్కడ దాక్కున్న అంబ్రీన్ ఆయన మాటలన్నీ పట్టి, ఆయన వెళ్ళాక తన మాట చెప్పి వాటికి ముందు చేర్చిందన్నమాట.

మేడం సారు వైపు తిరిగింది. "సార్, గోడ ఉండనియ్యుండ్రి. మీరు దీనికి సున్నమేస్తే ఈసారి జొరం నాకొస్తది."

"అబ్బే, నేనెక్కడ వేయిస్తానన్నానండీ!" అన్నాడు సారు. "పెయింటర్‌ని పిలిచింది స్టాఫ్ రూంకి."

బడి వదిలాక రాజనర్సయ్య మనవరాలిని పక్కకు లాగాడు.

"పోరీ, ఒక్క మాట చెప్పు. నేను పిల్లర్ స్టిక్కర్ ఏయకపోతే ఏమొస్తుండె? గురకనేనా?"

"కాదు తాతా. సార్ ముచ్చటే వస్తుండె. నేను గా రాత్రే ఫోన్ జేసి టీచర్‌కు చెప్పిన. టీచర్ నీ గురక తీసేసి మల్ల సార్‌ది పెట్టింది."

"తీసేసుడేంది? స్టిక్కర్ నా దగ్గరనే ఉండె గదా!"

చంద్రిక నడుము మీద చేతులు పెట్టుకుంది. తాతకు పాఠం చెప్పే అవకాశం ఆమెకు రోజూ రాదు. "తాతా, మన పైన హాస్టల్ లేదా? రూమ్ నంబర్ తలుపు మీద ఉంటది. లోపల పోరగాళ్ళు నెలకోసారి మారుతరు. నంబర్ మారుతదా? స్టిక్కర్ సుత గంతే. అది రూమ్ నంబర్. లోపల ఎవలుంటరో దానికేం తెలుసు?"

రాజనర్సయ్య తలెత్తి హాస్టల్ వైపు చూశాడు.

"అంటే మంచిగున్నదాన్ని నేనే పోయి ఖరాబు చేసిన్నా?"

"ఆ."

"మరి నువ్వు చెప్పనని తల ఊపితివి గదా!"

"ఊపిన. చెప్పనని అనలే."

ఆయన మనవరాలి నెత్తిన ఒకటి మొట్టి, ఐస్‌క్రీమ్ కొనిచ్చాడు.

కత ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నావు కదూ తమ్మీ? చాయ్ గ్లాసు కింద పెట్టకు.

సోమవారం పొద్దున అంబ్రీన్ దుకాణం ముందు ఆగింది. రాజనర్సయ్య అలవాటు కొద్దీ "ఏం మౌనము..." అని మొదలుపెట్టి, నాలుక కరుచుకున్నాడు. ఆ పిల్ల ఆ దుకాణం బొమ్మను చిన్న కాగితం మీద మళ్ళీ గీసి తెచ్చింది. ఈసారి మీసం ఇంకాస్త పెద్దది. బొమ్మ కింద ఒక స్టిక్కర్.

"తాతా, గిది మీకే. లామినేషన్ చేసి తలుపుకు పెట్టుకోండ్రి."

ఆయనతో ఆ పిల్ల ఆడిన మొదటి మాట అది. ఇన్నాళ్ళ ముల్లు ఒక్కసారిగా ఊడి పడ్డట్టయింది. ఆ సంబరంలో ఆయనకు కింది స్టిక్కర్ ఏమిటో అడగాలని తోచనే లేదు. తోచినా, బొమ్మ పేరేదో ఉంటుందనుకునేవాడు. మందం కాగితం వేసి, రెండుసార్లు లామినేషన్ చేసి, తన చేతులతో తలుపుకు అతికించి, నాలుగు మూలలూ బొటనవేలితో రుద్దాడు. డబ్బులు కొట్టే కోడ్ లోపల బల్ల మీద ఉన్నా, జనం తొందరలో తలుపు మీదిదే ముందు చూస్తారు. నొక్కమన్నచోట నొక్కడం అమీర్‌పేటలో అందరికీ అలవాటే కదా.

బొమ్మ కింది ఆ స్టిక్కర్ అంబ్రీన్ అడిగి చేయించుకున్నది కుల్సుం టీచర్‌తోనే. "పిల్లల గొంతు బజార్ల వద్దు," అని ముందున్న అంబ్రీన్ మాటలు కత్తిరించింది ఆమె. "చాచా గొంతు ఉంటే ఏం కాదు."

ఆరోజు నుంచి దుకాణానికి వచ్చినవాడల్లా తలుపు దగ్గర ఫోను చెవికి ఆనించుకుని, రాజనర్సయ్యను చూసి నవ్వుతున్నాడు. మంగలి అయితే కత్తెర పట్టుకునే వచ్చి, "అన్నా, చీర ఏ రంగుది కడ్తవు?" అని అడిగిపోయాడు. కూరగాయల బండి ఆమె జాకెట్టు కొలతలకు రమ్మంది. బోనం సంగతి తరగతి దాటి గల్లీలోకి ఎలా వచ్చిందో ఆయనకు అంతుపట్టడం లేదు. రోజూ చంద్రికను నిలదీస్తున్నాడు. సారు మీద అనుమానపడుతున్నాడు. హాస్టల్ పోరగాళ్ళను తిడుతున్నాడు. అంబ్రీన్ వస్తే మాత్రం, 'నువ్వొక్కదానివే బిడ్డా బజార్ల నా మాట ఎవలకు చెప్పనిదానివి' అని చాక్లెట్ ఇస్తున్నాడు.

అదుగో, లోపల కూర్చుని నీ వైపే చూస్తున్నాడు. ఇప్పుడు నొక్కు తమ్మీ. నవ్వొస్తే నవ్వు, చెప్పకు మాత్రం. ఆ స్టిక్కర్ పీకడం ఇక ఎవరి వల్లా కాదు. రాజనర్సయ్య లామినేషన్ కదా, పదేళ్ళయినా ఊడదు.